బస్టాండు ముందు వైఫై పెట్టిన కథ: మే నుంచి అక్టోబర్ దాకా నా అనుభవం

ధర్మపురి బస్టాండుకు ఎదురుగా మాకు జిరాక్స్, స్టేషనరీ షాపు ఉంది. "అన్నా, జర హాట్‌స్పాట్ ఇస్తవా, హాల్‌టికెట్ డౌన్‌లోడ్ చేస్కుంట" అని రోజుకు పది మందైనా అడుగుతారు. గోదావరి స్నానాలకు వచ్చినవాళ్లు టికెట్ చూసుకోవడానికి, పిల్లలు అప్లికేషన్ నింపడానికి, ముసలోళ్లు దుబాయిలో ఉన్న కొడుకుతో మాట్లాడడానికి. మా జగిత్యాల జిల్లాలో గల్ఫ్‌కు పోని ఇల్లు వెతకాల్సిందే. 2015 పుష్కరాలప్పుడు బస్టాండు దగ్గర ఒక్క ఫోనూ కలవలేదు. 2027లో మళ్లీ పుష్కరాలు. అప్పటికి షాపు ముందు ఒక పబ్లిక్ వైఫై పెట్టుకుంటే జనానికి పనికొస్తుంది, నాకూ నాలుగు రూపాయలు వస్తాయి అనుకున్నాను. ఆ నాలుగు రూపాయల లెక్క చివర్లో చెప్తాను.

నేను ఎంచుకున్నది పీఎం-వాణి అనే ప్రభుత్వ పబ్లిక్ వైఫై పద్ధతి. కేంద్ర మంత్రివర్గం 2020 డిసెంబర్‌లో దీనికి ఆమోదం ఇచ్చింది. చిన్న దుకాణదారుడు కూడా ఇంటర్నెట్ తీసుకుని చిన్న ప్యాకులుగా అమ్ముకోవచ్చు. ఇందులో మనల్ని పీడీఓ (పబ్లిక్ డేటా ఆఫీస్) అంటారు. ప్రభుత్వం దగ్గర మనకు లైసెన్సు అక్కర్లేదు, ఫీజూ లేదు. మన పైన అగ్రిగేటర్ అని ఒక కంపెనీ ఉంటుంది. ఎవరు లాగిన్ అయ్యారు, ఎంత వాడారు, ఎంత కట్టారు అన్న లెక్కంతా వాళ్లదే. ఈ మాట వినగానే నాకు సగం భయం పోయింది. ఒకప్పుడు ఇదే షాపులో నాలుగు కంప్యూటర్లతో నెట్ సెంటర్ నడిపాను. 2011లో సైబర్ కేఫ్ రూల్స్ వచ్చాక వచ్చినవాడి గుర్తింపు కార్డు జిరాక్స్ తీసి, రిజిస్టర్‌లో పేరు, టైము రాయించుకోవడమే ఒక ఉద్యోగం అయిపోయింది. ఆ పుస్తకాలు ఇంకా అటక మీదే ఉన్నాయి.

2025 మే 12, సోమవారం అగ్రిగేటర్ యాప్‌లో నమోదు చేసుకున్నాను. ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, షాపు ఫొటో అడిగారు. మూడో రోజుకే ఆమోదం వచ్చింది. ఇంత తేలికైతే ఇక నెలాఖరుకల్లా వైఫై మోగిపోతుందని ఇంట్లో చెప్పేశాను కూడా.

మొదటి తప్పు ఆ ఊపులోనే చేశాను. మే 20న కరీంనగర్ పోయినప్పుడు ఒక షాపతను ఆరు యాంటెన్నాల రౌటర్ చూపించి "అన్నా, ఇది పెడితే బస్టాండు మొత్తం కొడ్తది" అన్నాడు. రూ.3,400 పెట్టి తెచ్చాను. ఇంటికొచ్చి అగ్రిగేటర్‌కు ఫోన్ చేస్తే, తమ జాబితాలో ఉన్న మోడల్ అయితేనే తమ లాగిన్ పేజీ అందులో పని చేస్తుందని, ఇది లేదని చెప్పారు. పైగా అది గది లోపల పెట్టుకునేది, వానకు ఆగదు. వాపస్ తీసుకోమంటే అతను "సీల్ చింపినవ్ కదన్నా" అన్నాడు. నిజమే, చింపాను. ఆ రౌటర్ ఇప్పుడు మా ఇంటి హాల్లో ఆరు కొమ్ములతో కూర్చుంది. ఎవరైనా ఇది మొదలుపెట్టేటట్టయితే ముందు అగ్రిగేటర్ దగ్గర మోడళ్ల జాబితా అడిగి తీసుకోండి, తర్వాతే జేబులో చెయ్యి పెట్టండి.

ఇక అసలు చుక్కలు చూపించింది ఇంటర్నెట్ కనెక్షన్. మా వీధికి ఫైబర్ ఇచ్చే ఆపరేటర్‌కు ఉన్న సంగతి దాచకుండా చెప్పాను, ఇది పబ్లిక్‌కు అమ్మే వైఫై కోసం అని. పై ఆఫీసుకు అడిగి చెప్తానన్నాడు. వారం తర్వాత వచ్చిన జవాబు: "ఇంటి ప్లాన్ గిట్ల అమ్ముడు నడవది. లీజు లైన్ తీస్కోవాలె." లీజు లైన్ అంటే కంపెనీలకు విడిగా వేసే లైను, దాని ధర సంవత్సరానికి లక్ష దాటింది. ఐదు రూపాయల ప్యాకులు అమ్మి లక్ష ఎప్పుడు తీరాలి? చెప్పకుండా ఇంటి కనెక్షన్ అని తీసుకుని నడుపుకోమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. ఒకవేళ ఎవరైనా ఆ లైను మీద తప్పుడు పని చేస్తే పోలీసులు ముందు నా షాపుకే వస్తారన్న భయంతో ఆగాను. నెల రోజులు అలాగే గడిచాయి. మా ఆవిడ రోజూ అడగడం మానేసి, వారానికోసారి అడగడం మొదలుపెట్టింది.

జూన్ 16న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక టారిఫ్ (ధరల) ఉత్తర్వు ఇచ్చింది. ఇళ్లకు అమ్మే ఫైబర్ ప్లాన్లలో 200 ఎంబీపీఎస్ దాకా ఉన్నవి పీడీఓలకూ ఇవ్వాలి, ధర మాత్రం ఇంటి ధరకు రెండింతలు దాటకూడదు. ఈ వార్త అగ్రిగేటర్ వాళ్ల గ్రూపులో చూసి ఆపరేటర్ దగ్గరికి పరుగెత్తాను. అతనికి ఆ సంగతే తెలియదు. "గా కాయితం ఏదన్న ఉంటె తే అన్నా" అన్నాడు. ఉత్తర్వు దించి, మా మిషన్ మీదే జిరాక్స్ కొట్టి, కావలసిన చోట పెన్నుతో గీత గీసి ఇచ్చాను. పాతికేళ్లుగా ఊరందరికీ కాగితాలు తీసి ఇస్తున్నాను, నా పనికి నేను తీసుకున్న కాగితం బహుశా అదే. దాని మీద పై ఆఫీసు మరో మూడు వారాలు కూర్చుంది. చివరికి ఇంటికి రూ.699 ఉన్న 100 ఎంబీపీఎస్ ప్లాన్ నాకు రూ.1,398కి ఇచ్చారు. పద్దెనిమిది శాతం జీఎస్టీ కలిపితే నెలకు రూ.1,650.

జులై 9న ఫైబర్ వచ్చింది. బిగించినందుకు రూ.1,000. లైన్‌మెన్ తీగ అతికించి పోతుంటే, తీగలో వెలుతురు ఎంత బలంగా వస్తోందో కొలిచే పవర్ మీటర్ పెట్టి చూపించమని అడిగాను. ఇది మా మేనల్లుడు నేర్పిన మాట, జగిత్యాలలో బీటెక్ చదువుతున్నాడు. మీటర్ మైనస్ 26 డీబీఎం చూపించింది. మైనస్ అంకె ఎంత పెరిగితే వెలుతురు అంత బలహీనం. మైనస్ 27 దాటితే ఫైబర్ డబ్బాలో ఎర్ర లైటు వెలిగే ప్రమాదం ఉంది. "నడుస్తది తియ్" అన్నాడు లైన్‌మెన్. టీ తాగించి, బతిమిలాడి మళ్లీ అతికించమన్నాను. మైనస్ 20కి వచ్చింది. ఆ పది నిమిషాలు ఆపకపోయి ఉంటే వానాకాలమంతా కంప్లైంట్లు పెట్టుకుంటూ కూర్చునేవాణ్ని.

జాబితాలో ఉన్న అవుట్‌డోర్ యాక్సెస్ పాయింటు, అంటే బయట పెట్టి వైఫై సిగ్నల్ పంపే డబ్బా, జులై 14న ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేశాను, రూ.8,900. 19న వచ్చింది. తెల్లటి డబ్బా, పొడుగ్గా రెండు యాంటెన్నాలు. ఇలాంటి డబ్బాలకు వేరే కరెంటు వైరు ఉండదు, ఇంటర్నెట్ వైరులోనే కరెంటు కూడా పైకి ఎక్కుతుంది. పీఓఈ అంటారు. ఆ కరెంటు ఎక్కించే ఇంజెక్టర్ పెట్టెలో ఉంటుందనుకున్నాను, లేదు. 20వ తేదీ ఆదివారం, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి కూర్చోబెట్టాక తెలిసిన సంగతి ఇది. అతను సీసీ కెమెరాల పనిలో మిగిలిన ఇంజెక్టర్ ఒకటి తెచ్చి తగిలించాడు. లైటు వెలగలేదు. అది 24 వోల్టులది, మన డబ్బాకు కావలసింది 48. నయం, తిరకాసు ఇటువైపు జరిగింది. 24 వోల్టుల డబ్బాకు అడగకుండానే 48 ఎక్కించే ఇంజెక్టర్ తగిలించి ఉంటే కాలిపోయేదని తర్వాత మేనల్లుడు చెప్పాడు. సరైన ఇంజెక్టర్ రూ.850, జగిత్యాల నుంచి 22న తెచ్చుకున్నాం. మేం తెచ్చింది, డబ్బా ముందు అడిగితేనే కరెంటు ఇచ్చే రకం. తప్పు వస్తువు తగిలిస్తే ఊరుకుంటుంది.

డబ్బా వెలిగింది, సిగ్నల్ వచ్చింది, కానీ అగ్రిగేటర్ యాప్‌లో నా హాట్‌స్పాట్ "ఆఫ్‌లైన్" అనే చూపిస్తోంది. ఒక రోజు, రెండు రోజులు, నాలుగు రోజులు. కస్టమర్ కేర్ అమ్మాయి ప్రతిసారీ ఆపి ఆన్ చేయమంటుంది. విషయం ఏమిటంటే, డబ్బా వెనక స్టిక్కర్ మీద రెండు మ్యాక్ నెంబర్లు (డబ్బాను గుర్తుపట్టే నెంబర్లు) ఉన్నాయి, ఒకటి వైరుది, ఒకటి వైఫైది. చివరి అక్షరం ఒక్కటే తేడా. నేను పంపింది వైఫైది, వాళ్లకు కావలసింది వైరుది. 26 రాత్రి స్టిక్కర్ ఫొటో పంపితే 27 పొద్దున పచ్చ చుక్క పడింది. స్టిక్కర్ ఫొటో బిగించకముందే తీసి పెట్టుకోండి. నేను ఆ ఫొటో కోసం మూడంతస్తులు ఎక్కి, పిట్టగోడ మీద నిలబడాల్సి వచ్చింది.

అవును, మూడంతస్తుల పైన. అది రెండో పెద్ద తప్పు. ఎత్తులో పెడితే దూరం పోతుంది కదా అని మా బిల్డింగ్ డాబా మీద గణపతి మండపానికి వాడే ఇనుప పైపు నిలబెట్టి, దాని కొసకు డబ్బా కట్టాం. పైపుకు, క్లాంపులకు రూ.650. వెనక మెట్ల మీదుగా అరవై మీటర్ల వైరు, మీటరు పన్నెండు రూపాయల లెక్కన రూ.720. సాయంత్రం ఫోన్ పట్టుకుని తిరిగాను. గోదావరికి పోయే దారిలో, దూరంగా ఒక టీ కొట్టు దగ్గర రెండు గీతలు వస్తున్నాయి. మా షాపు గుమ్మంలో ఒక్క గీత లేదు! బస్టాండులో రేకుల షెడ్డు కింద అసలే లేదు.

మేనల్లుడు వచ్చి నవ్వాడు. "మామా, దీని సిగ్నల్ గారె లెక్క ఉంటది. యాంటెన్నా గారె చిల్లుల నిలబడ్డట్టు. ఎక్కువ దూరం కొట్టే యాంటెన్నా అంటే ఆ గారెను అరచేత్తో ఒత్తినట్టు, వెడల్పు అయితది గని పలుచనైతది. కింద ఉన్నోనికి ఏమొస్తది?" అన్నాడు. పైగా రేకు సిగ్నల్‌ను పైనుంచి లోపలికి రానివ్వదు. జనం కూర్చునేది ఆ రేకుల కిందే. సిగ్నల్ పక్క నుంచి పోవాలి.

ఇంకో మాట కూడా చెప్పాడు, అది నాకు బాగా పట్టింది. మన డబ్బా మైకు పట్టుకున్నవాడి లాంటిది, దాని మాట ఊరంతా వినిపిస్తుంది. కానీ ఫోను గొంతు చిన్నది. టీ కొట్టు దగ్గరి ఫోనుకు మన మాట వినపడుతుంది, దాని జవాబు మనకు వినపడదు. అందుకే గీతలు కనిపిస్తాయి, పేజీ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. పవర్ పెంచితే దూరం పెరుగుతుందని పెంచుకుంటూ పోయాను కదా, అతను తగ్గించాడు. చుట్టుపక్కల ఏయే వైఫైలు ఉన్నాయో యాప్‌లో చూస్తే ఇరవై మూడు తేలాయి, లాడ్జీలవి, హోటళ్లవి. వైఫై నడిచే బ్యాండ్లలో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి తగలని చానెళ్లు 1, 6, 11 అని మూడే. మిగతా రెండింటి మీద జనం ఎక్కువున్నారని 11 పెట్టాడు. రెండో బ్యాండు, 5 గిగాహెర్ట్జ్, దాదాపు ఖాళీ. ఫైబర్ వాళ్ల డబ్బాలో ఉన్న వైఫైని పూర్తిగా ఆపేశాడు, ఇంట్లోనే శత్రువు ఎందుకని.

ఈలోగా ఇంకో రోగం. జులై 27న మొదలైన దగ్గర్నుంచి మధ్యాహ్నం ఎండకు డబ్బా ఆగిపోవడం, ప్లగ్గు ఊడదీసి మళ్లీ పెడితే రావడం. ఎలక్ట్రీషియన్ మూడుసార్లు కొత్త ప్లగ్గు నొక్కాడు. ఒక రోజు నడుస్తుంది, మళ్లీ పోతుంది. డబ్బానే చెడిపోయిందని వాపస్‌కు రాయబోతుంటే మేనల్లుడు వైరు కోసి, లోపలి తీగను బ్లేడుతో గీకాడు. పైన ఎర్రగా ఉన్నది లోపల తెల్లగా మెరిసింది. అల్యూమినియం మీద రాగి పూత. అది పెళుసు, ప్లగ్గులో నొక్కేటప్పుడే లోపల చిట్లుతుంది. కరెంటు మోయడానికీ నాసి. షాపతను దాన్ని "ప్యూర్ కాపర్" అనే అమ్మాడు. ఇప్పుడు నేను వైరు కొంటే ముందు చేత్తో బరువు చూస్తాను, తర్వాత గీకి చూస్తాను, తర్వాతే ధర అడుగుతాను.

ఆగస్టు 6న అంతా దించాం. షాపు బోర్డు పక్కన గోడకు, నేల నుంచి పన్నెండు అడుగుల ఎత్తులో, రేకుల షెడ్డు నోటికి ఎదురుగా బిగించాం. అసలైన రాగి వైరు, ఎండకు పగలని నల్ల తొడుగుది, మీటరు రూ.32. ఈసారి పాతిక మీటర్లు సరిపోయింది, రూ.800. డబ్బాలోకి పోయేముందు వైరును కిందికి జారవిడిచి పైకి వంచాలి, వాననీళ్లు ఆ వంపు దగ్గర కారిపోతాయి. ఈ పనంతా నలభై నిమిషాలు. బస్టాండు చివరి బల్ల మీద కూర్చుని స్పీడు చూస్తే 38 ఎంబీపీఎస్ వచ్చింది. ఆ బల్ల మీదే ఒక్కడినే కూర్చుని రెండు మిర్చి బజ్జీలు తిన్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి, బజ్జీ వల్ల కాదు.

సరిగ్గా వారానికి, ఆగస్టు 13 సాయంత్రం ఉరుములు. ఎక్కడో దగ్గర్లోనే పిడుగు పడింది, షాపులో ట్యూబ్‌లైటు ఒక్కసారి ఎగిరింది. తెల్లారి చూస్తే ఫైబర్ డబ్బాకు అన్నీ పచ్చ లైట్లే, కానీ వైరు పెట్టే రంధ్రం చచ్చిపోయింది. బయట గోడ మీదున్న డబ్బాకేం కాలేదు, ఇంజెక్టర్‌కూ ఏం కాలేదు, లోపల భద్రంగా ఉన్నది పోయింది. "పిడుగుకు వారంటీ లేదన్నా" అని రూ.1,500 తీసుకుని 19న కొత్తది పెట్టారు. ఆ మధ్య ఆరు రోజులు "నెట్ ఎప్పుడొస్తది" అని అడిగినవాళ్లను లెక్కపెట్టాను, ముప్పై నాలుగు మంది. అంటే జనానికి అలవాటవుతోంది. పోయిన డబ్బుల బాధలో అదొక ఓదార్పు.

ఎర్తింగ్ ముందే పెట్టుకోవాల్సింది. వైఫైకి ఎర్తింగ్ ఏంటని నవ్విన ఎలక్ట్రీషియనే 24న షాపు పక్కన గుంట తవ్వి, బొగ్గు, ఉప్పు వేసి, జీఐ పైపు దించాడు. రూ.2,600. పిడుగు పడ్డప్పుడు ఎగదన్నే కరెంటును ఆపడానికి డబ్బాకు ముందు వైరులో పెట్టే సర్జ్ ప్రొటెక్టర్ రూ.900. ఆ గుంటలో వారానికో బిందె నీళ్లు పోయమన్నాడు. మా ఆవిడ తులసికోటకు పోసి, దారిలో దానికీ పోస్తోంది.

అమ్మకం సంగతికి వస్తే, ఐదు రూపాయలకు ఒక జీబీ, ఒక రోజు. పది రూపాయల ప్యాకు కూడా ఉంది. వచ్చినవాడు యాప్‌లో డబ్బు కడతాడు, నేను గల్లాలో కూర్చుని చూస్తాను, అదీ నా ఊహ. నిజంగా జరిగిందేమిటంటే, ఫోనులో డేటా అయిపోయినవాడే నా దగ్గరికి వస్తాడు. వాడు యూపీఐలో ఐదు రూపాయలు కట్టాలంటే డేటా కావాలి! డబ్బు కట్టకముందే కొన్ని పేమెంటు సైట్లు తెరుచుకునేలా అగ్రిగేటర్ ఏర్పాటు ఉందిగానీ, మా జనం వాడే యాప్‌లలో ఒకటి తెరుచుకునేది, ఒకటి తెరుచుకునేది కాదు. ఆఖరికి నేనే నా పీడీఓ యాప్ నుంచి కోడ్ తీసి, చీటీ మీద అచ్చు కొట్టి, చేతికి ఐదు రూపాయలు తీసుకోవడం మొదలుపెట్టాను. పాత కాలం రీచార్జి కార్డుల్లా అమ్ముడుపోతున్నాయి. మొదటిసారి లాగిన్‌కు ఓటీపీ కావాలి కదా, అది ఇంకో తలనొప్పి. మామూలు రోజుల్లో పది సెకన్లలో వస్తుంది. జనం కిక్కిరిసిన రోజు టవర్ మీద మోత పడి ఓటీపీ రాదు. టవర్ పని చేయడం లేదనే నా దగ్గరికి వస్తే, నా దగ్గర లాగిన్ కావడానికి టవర్ పని చేయాలి.

ఆ తిప్పలు పూర్తిగా చూసింది గణేశ్ నిమజ్జనం రోజు, సెప్టెంబర్ మొదటి వారం. గోదావరికి విగ్రహాలు వస్తూనే ఉన్నాయి, డీజే మోతకు షాపు అద్దాలు వణుకుతున్నాయి. సాయంత్రం ఆరు దాకా చీటీలు బాగా పోయాయి. తర్వాత వచ్చినవాడికల్లా "ఐపీ అడ్రస్ తీసుకుంటోంది" అని తిరుగుతూనే ఉంది. పొద్దున కనెక్టయినవాళ్లకు బ్రహ్మాండంగా నడుస్తోంది, కొత్తవాడికి రావడం లేదు. డబ్బులిచ్చిన ఇద్దరు కుర్రాళ్లు "ఏందన్నా, మోసమా" అన్నారు. వాపస్ ఇచ్చేశాను. మేనల్లుడికి ఫోన్ చేస్తే వాడు డీజే ముందు ఎగురుతున్నాడు, వినపడలేదు. రాత్రి పదకొండుకు వచ్చి చూశాడు. కనెక్టయిన ప్రతి ఫోనుకూ ఒక చిరునామా ఇవ్వాలి, మా దాంట్లో ఉన్నవి వంద. ఒకసారి ఇచ్చింది ఇరవై నాలుగు గంటలదాకా వాపస్ తీసుకోదు. ఫ్రీ అనుకుని మా వైఫై పేరు నొక్కి, లాగిన్ పేజీ చూసి వెళ్లిపోయిన వంద మంది ఆ వంద చిరునామాలూ జేబులో వేసుకుని గోదావరికి పోయారు. లాడ్జిలో గది తాళాలు తీసుకుని ఊరెళ్లిపోయినట్టు. ఐదు వందల చిరునామాలు చేసి, అరగంటకే వాపస్ వచ్చేలా మార్చాడు. రెండు నిమిషాల పని. సీజన్‌లో అత్యంత మంచి సాయంత్రం దాని వల్ల పోయింది. బస్టాండు, గుడి, జాతర లాంటి చోట పెట్టేవాళ్లు మొదటి రోజే ఈ సంగతి అడిగి మార్పించుకోండి.

కోతుల గురించి చెప్పకపోతే ధర్మపురివాళ్లు నన్ను నమ్మరు. సెప్టెంబర్ నడిమిట్ల ఒక పొద్దున షాపు తెరుస్తుంటే ఒక యాంటెన్నా వేలాడుతోంది, వైరు మీద పళ్ల గాట్లు. బోర్డు మీద కూర్చుని కోతి నన్నే చూస్తోంది, నేనేదో దాని సామాను పాడుచేసినట్టు. యాంటెన్నా విరగలేదు, మర వదులైందంతే. వైరును ఇనుప ఫ్లెక్సిబుల్ పైపులో దూర్చాం, రూ.560. డబ్బా చుట్టూ తుమ్మ కంప కట్టమన్నది మా ఆవిడే. చూసేవాళ్లకు దిష్టి తగలకుండా కట్టామనుకుంటున్నారు. ఆ తర్వాత ఇప్పటిదాకా కోతి ముట్టలేదు.

ఇక లెక్క. యాక్సెస్ పాయింటు మొదలు మినీ యూపీఎస్ దాకా (దాని కథ కింద చెప్తాను, రూ.2,400) మొత్తం రూ.24,280 అయింది. అందులో రూ.5,620 కేవలం నా తెలివితక్కువకు కట్టిన ఫీజు: ఆరు కొమ్ముల రౌటర్, నకిలీ రాగి వైరు, పిడుగు పడ్డ డబ్బా. సెప్టెంబర్‌లో ఐదు రూపాయల చీటీలు 212, పది రూపాయలవి 61 అమ్ముడయ్యాయి. రూ.1,670. అగ్రిగేటర్ వాటా పోను నాకు వచ్చింది రూ.1,336. ఫైబర్ బిల్లు రూ.1,650. కరెంటు పదమూడు యూనిట్లు ఎగస్ట్రా. అంటే నెలకు మూడు నాలుగు వందలు నేనే ఎదురు పెడుతున్నాను. ఇదొక్కటే పెట్టుకుని బతకొచ్చని ఎవరైనా చెప్తే నమ్మకండి. కాకపోతే వైఫై కోసం ఆగినవాడు హాల్‌టికెట్ నా దగ్గరే ప్రింటు తీసుకుంటున్నాడు, పెన్ను కొంటున్నాడు. ప్రింట్లు మే నెలతో పోలిస్తే రోజుకు ఇరవై దాకా పెరిగాయి. ఆ ఇరవై లేకపోతే మా ఆవిడ ఈపాటికి డబ్బా దించేసి ఉండేది.

యూపీఎస్ కొన్నది ఒక అవ్వ వల్ల. ఊరి పక్క పల్లె నుంచి సాయంత్రం బస్సుకు వస్తుంది, కొడుకు దుబాయిలో. అక్కడ వాట్సాప్ వీడియో కాల్ పోదు కాబట్టి బోటిమ్ అనే యాప్‌లో మాట్లాడతారు. ఐదు రూపాయలు బల్ల మీద పెట్టి ఫోను నా చేతికిస్తుంది. కోడ్ నేనే కొట్టాలి. ఒకరోజు కొడుకు ముఖం కనిపించగానే కరెంటు పోయింది. అవ్వ ఫోను చెవి దగ్గర పెట్టుకుని, మళ్లీ చూసి, "మావోడు పెట్టేసిండా బిడ్డా?" అని అడిగింది. కరెంటు పోయిందవ్వా అన్నాను. కొడుకు అలిగాడేమో అనే అనుకుంది, నా మాట నమ్మలేదు. ఆ రాత్రే ఫైబర్ డబ్బాకూ, పీఓఈ వైరుకూ రెండింటికీ కరెంటిచ్చే మినీ యూపీఎస్ ఆర్డర్ పెట్టాను. ఒక్క ఫైబర్ డబ్బాకే ఇచ్చేది తీసుకుంటే లాభం లేదు, గోడ మీదిది ఆరిపోతుంది.

దసరా తర్వాత ఒక సాయంత్రం మళ్లీ కరెంటు పోయింది. బస్టాండంతా చీకటి. అవ్వ బల్ల మీద కూర్చుని కొడుకుతో మాట్లాడుతూనే ఉంది, వాడు అన్నం ప్లేటు చూపిస్తున్నాడు, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడుగుతోంది. నేను టైము చూసుకుంటూ నిలబడ్డాను. బ్యాటరీ రెండు గంటల పది నిమిషాలు వచ్చింది. డబ్బా మీద నాలుగు గంటలు అని రాసి ఉంది.